సుంకానికి హద్దు ఎవరు గీస్తారు?

పావగడ, మడకశిర వైపు వేరుశెనగ వేసే రైతులు ధర పడిపోయినప్పుడల్లా ఒక మాట అంటుంటారు: "గాట్ వచ్చింది, చెనిక్కాయల ధర పోయింది." ఇందులో నిజమెంతో చూద్దాం.

1930 దశకంలో దేశాలు పోటీలు పడి దిగుమతి సుంకాలు పెంచుకుంటే ప్రపంచ వ్యాపారమే కుంగిపోయింది. ఆ అనుభవంతో 1947లో జెనీవాలో 23 దేశాలు గాట్ ఒప్పందం చేసుకున్నాయి. వాటిలో మన దేశమూ ఉంది. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడి ఆ బాధ్యత తీసుకుంది.

ఈ సంస్థ తానుగా సుంకం వేయదు, తీసివేయదు. "ఈ సరుకుపై ఇంతకు మించి వేయను" అని ప్రతి దేశమూ రాసి ఇస్తుంది. ఆ హద్దు దాటితే తక్కిన దేశాలు ఫిర్యాదు చేయవచ్చు.

మరి వేరుశెనగ నూనెకు పోటీ వచ్చే నూనెల సంగతి? సోయా నూనెకు మనం ఒప్పుకున్న హద్దు 45 శాతమే. అక్కడ మన చేతులు కొంత కట్టుబడి ఉన్నాయి. పామాయిల్‌కు మాత్రం హద్దు 300 శాతం. ముడి పామాయిల్‌పై సుంకాన్ని 2008లో సున్నా చేసినదీ, 2018లో 44 శాతానికి పెంచినదీ మన కేంద్ర ప్రభుత్వమే. తగ్గిస్తే వంటింటికి ఊరట, పెంచితే రైతుకు ఊరట.

కాబట్టి, సోదర సోదరీమణులారా, హద్దు గురించి అడగవలసింది జెనీవాలో. హద్దు లోపల జరిగేదాని గురించి అడగవలసింది ఢిల్లీలో.