సర్ఫేస్ ఆఫ్‌సెట్ ఎందుకు ఫెయిలవుతుంది? ప్లాస్టిక్ పార్ట్ డిజైన్ చేసేవాళ్ల కోసం

ఈ రోజు టాపిక్ మెకానికల్, టూల్ డిజైన్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను తరచూ అడిగేది. టీవీ రిమోట్ పైమూత లాంటి పార్ట్ తీసుకోండి. బయటి షేప్ బాగా వస్తుంది. గోడ మందం కోసం లోపలికి 2 మి.మీ. ఆఫ్‌సెట్ కొట్టగానే ఎర్రర్. "సాఫ్ట్‌వేర్‌లో బగ్ అన్నా" అంటారు. నేను సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాణ్ణే కాబట్టి చెప్తున్నా, చాలాసార్లు అది బగ్ కాదు. మీ షేప్‌లో ఉన్న ఒక నిజాన్ని ఆ ఎర్రర్ బయటపెడుతోంది.

ఎలాగో చూద్దాం. ఇద్దరు మనుషులు 2 మీటర్ల కర్రను చెరో చివర పట్టుకుని, పక్కపక్కనే నడుస్తున్నారు. మలుపు వచ్చింది. బయటివాడు 5 మీటర్ల రేడియస్‌లో తిరిగితే లోపలివాడు 3 మీటర్ల రేడియస్‌లో తిరుగుతాడు. హాయిగా నడుస్తారు. అదే బయటివాడి మలుపు 1.5 మీటర్లే అనుకోండి? లోపలివాడు వెనక్కి నడవాలి! ఆఫ్‌సెట్‌లో జరిగేది కూడా ఇదే. బయటి మూల రేడియస్ 1.5, ఆఫ్‌సెట్ 2 అయితే లోపలి సర్ఫేస్ తనను తానే దాటేస్తుంది. అందుకే క్యాడ్ చేతులెత్తేస్తుంది.

మరి ఆ మూల ఎక్కడుందో పట్టుకోవడం ఎలా? కోడ్ డీబగ్ చేసినట్టే, సగం సగం చేసుకుంటూ వెళ్లండి. 2 ఫెయిల్. 1 పెట్టండి, పాస్. 1.6 ఫెయిల్, 1.4 పాస్. అంటే 1.5 దగ్గర్లో రేడియస్ ఉన్న మూల ఎక్కడో ఉందన్నమాట. సాలిడ్‌వర్క్స్ వాడేవాళ్లకైతే చెక్ అనే టూల్‌లో మినిమమ్ రేడియస్ ఆఫ్ కర్వేచర్ ఆప్షన్ ఉంది, అది నేరుగా చూపిస్తుంది.

0.1 పెట్టినా ఫెయిలవుతోందా? అప్పుడు సమస్య రేడియస్ కాకపోవచ్చు. మూడు చోట్ల చూడండి.

ఒకటి, వేరే సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన స్టెప్ ఫైల్. ఫేస్‌ల మధ్య కంటికి కనబడని గ్యాప్‌లు ఉండొచ్చు.

రెండు, వెంట్రుకలా సన్నటి ఫేస్‌లు. వాటిని డిలీట్ చేసి, ఆ ఖాళీని కొత్త సర్ఫేస్‌తో నింపండి.

మూడు, ఒక పాయింట్ దగ్గర ముక్కులా ముగిసే సర్ఫేస్. అక్కడ అంచు పొడవు సున్నా, కాబట్టి ఏ దిక్కుకి జరపాలో లెక్క తేలదు. ఆ ముక్కును కత్తిరించి, నాలుగు అంచులున్న ప్యాచ్ పెట్టండి.

ఏ ఫేస్ దోషో తెలియకపోతే ఒక్కో ఫేస్‌ని విడిగా ఆఫ్‌సెట్ చేసి చూడండి. మొండికేసేది దొరికిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. రేడియస్ చిన్నదని తెలిశాక చాలామంది చేసే పని ఏంటంటే, ఫిల్లెట్ లేకుండా లోపలి వైపు తయారుచేసి, తర్వాత రెండు వైపులా తోచిన రేడియస్ పెట్టేయడం. ఎర్రర్ పోతుంది, కానీ పార్ట్ పాడవుతుంది. లెక్క చూడండి. గోడ 2 మి.మీ., చదరపు మూల, బయట 1.5, లోపల 1 రేడియస్ పెడితే మూల దగ్గర మందం దాదాపు 2.6 వస్తుంది. ప్లాస్టిక్ చల్లారే టైమ్ సుమారుగా మందం వర్గంతో పెరుగుతుంది. 1.3 రెట్ల మందం అంటే దాదాపు 1.7 రెట్ల టైమ్. చివరిగా చల్లారే చోట ప్లాస్టిక్ లోపలికి లాగుకుంటుంది, పైన సొట్ట పడుతుంది. దాన్నే సింక్ మార్క్ అంటారు. పార్ట్ వంకర తిరిగే అవకాశం కూడా పెరుగుతుంది.

పోనీ లోపల రేడియస్ లేకుండా వదిలేద్దామా? పదునైన లోపలి మూల దగ్గర ఒత్తిడి పోగవుతుంది. కింద పడితే పగులు అక్కడే మొదలవుతుంది.

సరైన దారి సింపుల్: బయటి రేడియస్ = లోపలి రేడియస్ + గోడ మందం. లోపల 1 కావాలంటే బయట 3. అప్పుడు మూలలోనూ మందం 2 మి.మీ.నే. లోపలి రేడియస్ గోడ మందంలో కనీసం సగం ఉంచడం మంచి అలవాటు. ఇక వరస విషయానికొస్తే, ముందు పెద్ద షేప్, డ్రాఫ్ట్, పెద్ద ఫిల్లెట్లు. తర్వాత ఆఫ్‌సెట్ లేదా షెల్. రిబ్‌లు, బాస్‌లు, చిన్న చిన్న ఫిల్లెట్లు ఆఖర్న.

స్టైలింగ్ వాళ్లు "బయట 1.5 రేడియసే కావాలి" అన్నారా? గొడవొద్దు. సెక్షన్ వ్యూ తీసి, మూల మందం కొలిచి చూపించండి. క్యాడ్‌లో రేడియస్ మార్చడానికి రెండు నిమిషాలు. అదే మోల్డ్ స్టీల్ కోశాక సొట్ట కనబడితే? కోసేసిన స్టీల్‌ని తిరిగి అతికించాలంటే వెల్డింగ్, మళ్లీ మెషినింగ్. డబ్బుతో పాటు వారాలు పోతాయి.

కాబట్టి ఈసారి ఆఫ్‌సెట్ ఎర్రర్ వస్తే విసుక్కోకండి. మోల్డ్ దగ్గర రావాల్సిన ఖర్చును అది స్క్రీన్ మీదే ఆపుతోంది. మీ పాత మోడల్ ఒకటి తెరిచి, మూలల మందం ఈ రోజే కొలవండి. వచ్చే ఎపిసోడ్‌లో డ్రాఫ్ట్ యాంగిల్ గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి!