నారు పోసిన మడికి ఏం తిరిగొచ్చింది?

1965-66 సంతోష్ ట్రోఫీ ఫైనల్లో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాల్‌ను ఓడించింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే అని దేశమంతా అనుకునే రోజులవి. అటువంటి రోజుల్లో కప్పు మన రాష్ట్రానికి వచ్చింది. 1966లోనే ఇద్దరు హైదరాబాద్ కుర్రాళ్లు, మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్, కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరిపోయారు. కొన్నేళ్లకు అదే హబీబ్ సంతోష్ ట్రోఫీలో బెంగాల్ తరఫున ఆడాడు. కప్పు ఇటు వచ్చింది, కాళ్లు అటు వెళ్లాయి.

తిరుపతిలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే మిత్రుడొకడు ఈమధ్య ఒక మాట అడిగాడు. అప్పటి నుంచి ఈ సంగతి నా తలలో తిరుగుతూనే ఉంది. అతని దగ్గర పన్నెండో ఏట చేరిన పిల్లవాడు పదహారో ఏట వేరే ఊళ్లో పెద్ద అకాడమీకి వెళ్లాడు. "పోయినందుకు బాధ లేదన్నా. వాడు పైకి రావాల్సిందే. కానీ నాలుగేండ్లు నేర్పించినాను గదా, ఈ గ్రౌండుకు ఏం మిగిలింది?" అన్నాడు. ఇది చిన్న ప్రశ్న కాదు. ఇటలీలో చిన్న క్లబ్బుల బతుకంతా ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడంలోనే గడుస్తోంది.

ముందు హైదరాబాద్ కథ చూద్దాం. సయ్యద్ అబ్దుల్ రహీం 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. కుర్రాళ్లకు బలహీనమైన కాలితోనే ఆడాలని షరతు పెట్టి పోటీలు నడిపేవాడు రహీం. ఒక కాలితో ఆడేవాడు సగం ఆటగాడేనన్నది ఆయన లెక్క. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. ఆ ఒలింపిక్స్ ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో, ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. మరుసటి ఏడాదే, 1957లో, ఆయన ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు.

వెళ్లినవాళ్లను తప్పుపట్టలేం. కలకత్తాలో లీగ్ ఉంది, జనం ఉన్నారు, పత్రికలు ఉన్నాయి, చేతికి నాలుగు డబ్బులు వస్తాయి. 1977లో పేలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ ఆ జట్టుతో 2-2గా ఆట ముగించింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి మన హబీబ్‌ది. హైదరాబాద్‌లోనే ఉండిపోయి ఉంటే ఆయనకు ఆ సాయంత్రం దక్కేది కాదు.

అయితే హైదరాబాద్ మైదానాలకు ఏం తిరిగొచ్చింది? ఏమీ రాలేదు. అప్పట్లో మన దేశంలో ఫుట్‌బాల్ ఆటగాడు కాగితం మీద అమెచ్యూర్. పోలీసులోనో రైల్వేలోనో ఉద్యోగం, దాని పక్కన ఆట. ఒక క్లబ్బు ఇంకో క్లబ్బుకు ఆటగాణ్ణి అమ్మే పద్ధతే లేదు. చేరేవాడికి చేతిలో ఏదైనా పడితే పడింది గానీ, వాణ్ణి పెంచిన మైదానానికి ఒక్క బంతి ఖరీదు కూడా రాలేదు. 1963లో రహీం చనిపోయాడు. తర్వాత పాతికేళ్లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ వెనకబడింది. దానికి వలస ఒక్కటే కారణమని నేను అనను. క్రికెట్ పెరిగింది, మైదానాలు తరిగాయి, రహీం లాంటి మనిషి మళ్లీ దొరకలేదు. కానీ వెళ్లినవాడి పేరు మీద ఏదో ఒక పైకం వెనక్కి వచ్చి ఉంటే, అది ఇంకో రహీంకు జీతమై ఉండేది.

ఇటలీలో జరిగింది వేరు. ఫ్లోరెన్స్ నగరానికీ పీసాకూ మధ్య ఎంపోలి అనే ఊరుంది. జనాభా యాభై వేలకు కాస్త లోపు, అంటే మన పుంగనూరు, పలమనేరు పాటి ఊరు. ఆ ఊరి క్లబ్బు దేశంలోని అత్యున్నత లీగ్ సిరీ ఆలో మిలాన్, యువెంటస్‌లతో ఆడిన ఏళ్లు చాలా ఉన్నాయి. టిక్కెట్లు అమ్మి ఆ ఖర్చు భరించడం జరిగే పని కాదు. ఎంపోలి బతికేది పిల్లలను పెంచి, పెద్ద క్లబ్బులకు అమ్మి.

పలమనేరు వైపు షేడ్‌నెట్ల కింద టమాటా నారు పెంచే నర్సరీలను చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. విత్తనం ట్రేలో పడ్డాక పాతిక రోజులకు నారు వెళ్లిపోవాలి. ఉంచుకుంటే ముదిరిపోతుంది, పైగా తర్వాతి ట్రేకు చోటుండదు. అమ్మిన డబ్బుతోనే తర్వాతి విత్తనం కొంటారు. మనిషి బిడ్డను మొక్కతో పోల్చడం నాకు పూర్తిగా నచ్చదు, మొక్కకు ఇష్టాయిష్టాలు ఉండవు కనుక. కానీ డబ్బు తిరిగే దారి మాత్రం అదే.

ఇటలీలో క్లబ్బుల కుర్రాళ్ల జట్లకు ప్రత్యేకంగా ఒక లీగ్ ఉంది. దాని పేరు ప్రిమవేరా, అంటే వసంతం. 2021లో దాని ఫైనల్లో ఎంపోలి కుర్రాళ్లు అట్లాంటా కుర్రాళ్లను ఓడించారు. ఆ జట్టులోని క్రిస్టియాన్ అస్లానీ అల్బేనియాలో పుట్టి, ఎంపోలి పిల్లల జట్లలో పెరిగినవాడు. ఏడాది తిరిగేసరికి ఇంటర్ మిలాన్ అతన్ని తీసుకుంది. తీసుకున్న తీరు గమనించాలి. ముందు ఒక సీజన్‌కు అద్దెకు తీసుకుంది. ఆ గడువు అయ్యాక తప్పనిసరిగా కొనాలన్న షరతు ఒప్పందంలోనే ఉంది. పెద్ద క్లబ్బుకు డబ్బు కట్టేందుకు గడువు దొరికింది, చిన్న క్లబ్బుకు అమ్మకం ఖాయమైంది.

అంతకు ముందు దశాబ్దాల పాటు ఇటలీలో ఇంకో విచిత్రమైన పద్ధతి నడిచింది. దాన్ని సహయాజమాన్యం అనవచ్చు. ఒక ఆటగాడి హక్కు రెండు క్లబ్బులకు చెరి సగం ఉండేది. చిన్న క్లబ్బులో ఆడుతూ కుర్రాడు ఎదిగితే, ఆ ఎదుగుదల విలువలో సగం దానికీ దక్కుతుంది. గడువు ముగిసేలోగా రాజీ కుదరకపోతే రెండు క్లబ్బులూ తాము ఇవ్వదలచిన మొత్తం కాగితం మీద రాసి కవరు మూసి ఇవ్వాలి. ఎక్కువ రాసినవాళ్లది ఆటగాడు.

ఆ కవర్లలో అందరికీ గుర్తుండిపోయింది 1978 నాటిది. ఆటగాడు పావొలో రోసీ. అతను విచెంజా అనే చిన్న క్లబ్బుకు ఒక సీజన్‌లో 24 గోల్స్ కొట్టి, దాన్ని లీగ్‌లో రెండో స్థానానికి చేర్చాడు. అతని హక్కులో రెండో సగం యువెంటస్‌ది. కవర్లు విప్పితే యువెంటస్ 87.5 కోట్ల లీరాలు రాసింది. విచెంజా ఏకంగా 260 కోట్లకు పైగా రాసింది! ఊరు సంబరపడింది. మరుసటి సీజన్ చివర విచెంజా కింది లీగ్‌కు పడిపోయింది, రోసీ ఊరు వదిలాడు. 1982 ప్రపంచ కప్‌లో ఆరు గోల్స్ కొట్టి ఇటలీని గెలిపించినప్పటికి అతను యువెంటస్ ఆటగాడు. చిన్న క్లబ్బు పట్టుదలకు పోయి కుర్రాణ్ణి అట్టేపెట్టుకుంటే ఏమవుతుందో ఆ ఊరు చూసింది. ఈ సహయాజమాన్య పద్ధతిని ఇటలీ 2014లో రద్దు చేసింది.

ఈ వ్యాపారంలో చీకటి కోణం కూడా ఉంది. కొన్న ఆటగాడి ఖరీదు క్లబ్బు లెక్కల పుస్తకంలో ఉంటుంది. సొంతంగా పెంచిన పిల్లవాడి ఖరీదు అందులో దాదాపు సున్నా. కాబట్టి అతన్ని ఎంతకు అమ్మితే అంతా లాభమే. ఇది చూసి కొన్ని క్లబ్బులు తమలో తాము కుర్రాళ్లను మార్చుకుంటూ, లేని ధరలు రాసుకుని, పుస్తకంలో లాభం చూపించాయి. చేతులు మారిన డబ్బు దాదాపు ఉండదు. ఇలాంటి మార్పిళ్ల మీద కియెవో క్లబ్బుకు 2018లో మూడు పాయింట్లు కోత పడింది. పన్ను బకాయిల గొడవలో 2021లో ఆ క్లబ్బు ప్రొఫెషనల్ లీగుల నుంచే వెళ్లిపోయింది. పిల్లవాణ్ణి అంకెగా మార్చినచోట చివరికి ఆ లీగుల్లో క్లబ్బుకే చోటు మిగల్లేదు.

బెర్గామో నగరపు అట్లాంటా దీనికి ఎదురు ఉదాహరణ. అక్కడి జింగోనియా శిక్షణ కేంద్రాన్ని మీనో ఫవీనీ 1990ల నుంచి ఇరవై ఏళ్లకు పైగా నడిపాడు. స్వీడన్ నుంచి పదహారేళ్ల వయసులో వచ్చిన డెయాన్ కులుసెవ్‌స్కీ అట్లాంటా పెద్ద జట్టుకు లీగ్‌లో మూడు మ్యాచ్‌లే ఆడాడు. 2020లో యువెంటస్ అతనికి 3.5 కోట్ల యూరోలు పెట్టింది. అట్లాంటా అలా అమ్ముతూనే పెరిగింది, తన స్టేడియం తానే కొనుక్కుంది, 2024లో యూరోపా లీగ్ గెలిచింది. ఎంపోలికి అంతటి అదృష్టం లేదు, 2025లో కింది లీగ్‌కు జారింది.

నా మిత్రుడి ప్రశ్నకు జవాబు కులుసెవ్‌స్కీ కథలోనే ఉంది. అతను చిన్నప్పటి నుంచి పదహారో ఏడు దాకా ఆడింది స్టాక్‌హోమ్ శివార్లలోని బ్రొమ్మపొయ్‌కర్నా క్లబ్బులో. ఒక ఆటగాడు దేశం దాటి అమ్ముడైతే ఆ ధరలో 5 శాతం, అతను 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ పొందిన క్లబ్బులకు పంచాలన్నది ఫిఫా నిబంధన. 12 నుంచి 15 ఏళ్ల వరకు ఏడాదికి మొత్తం ధరలో పావు శాతం, ఆ తర్వాత ఏడాదికి అర శాతం. 2023లో ఇంగ్లండ్ క్లబ్బు టోటెన్‌హామ్ కులుసెవ్‌స్కీని సుమారు 3 కోట్ల యూరోలకు పూర్తిగా కొన్నది. మొదటి నాలుగేళ్ల వాటా ఒక శాతం, అంటే దాదాపు 3 లక్షల యూరోలు. శివారు క్లబ్బుకు అది ఎన్ని బంతులో, ఎందరు కోచ్‌ల జీతమో లెక్కేసుకోండి. ఈ వాటాలు దారి తప్పకుండా చేరేందుకు 2022లో ఫిఫా ప్రత్యేకంగా ఒక క్లియరింగ్ హౌస్ కూడా తెరిచింది.

మన సీమలో ఈ పని ఆశతో జరుగుతున్న చోటు అనంతపురం. విసెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అక్కడి అకాడమీలో పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలకు, మగపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతోంది. తిరుపతి, చిత్తూరుల్లో అంతటి వసతి లేదు. స్కూలు గ్రౌండు, వాడిపోయిన వల, పొద్దున్నే ఈల వేసే ఒక మనిషి ఉంటాడు.

ఆ మనిషికి నేను చెప్పింది ఇదీ. రెండు దేశీయ క్లబ్బుల మధ్య, మన దేశంలోనే పెరిగిన ఆటగాడి మార్పిడికి ఫిఫా వాటా వర్తించదు, అక్కడ మన ఫెడరేషన్ నిబంధనలే నడుస్తాయి. కానీ నీ పిల్లల్లో ఒక్కడు ఎప్పుడో దేశం దాటవచ్చు. ఆ రోజు వాటా అడగాలంటే వాడు నీ దగ్గర ఆడినట్టు కాగితం ఉండాలి. ఫెడరేషన్ గుర్తింపు లేని జట్టులో నాలుగేళ్లు ఆడినా ఏ ఏట ఏ క్లబ్బులో ఆడాడో చూపే 'ప్లేయర్ పాస్‌పోర్టు'లో అది ఖాళీ గడే. ముందు మీ జట్టును జిల్లా సంఘంతో గుర్తింపు ఉన్న క్లబ్బుగా నమోదు చేయించు. తర్వాత ప్రతి పిల్లవాడినీ ఆల్ ఇండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఆన్‌లైన్ పద్ధతిలో రిజిస్టర్ చేయించు.

మొన్న గ్రౌండుకు వెళ్తే అతను అరుగు మీద కూర్చుని పిల్లలను ఆధార్ కార్డులు తెమ్మని కేకలేస్తున్నాడు. మొదటి వరసలో నిలబడినవాడికి పన్నెండో ఏడు ఇంకా పూర్తి కాలేదు.