ఆక్టేన్ అవసరం

పెట్రోలు ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ వెలిగించిన మంట పూర్తిగా వ్యాపించేలోపే, మిగిలిన ఇంధనం వేడికి, ఒత్తిడికి తనంతట తానే అంటుకుంటే టకటకమనే శబ్దం వస్తుంది. దీన్నే నాకింగ్ అంటారు. ఆ బెడద లేకుండా ఒక వాహనం నడవడానికి ఇంధనానికి ఉండాల్సిన కనీస ఆక్టేన్ సంఖ్యే (నాకింగ్‌ను ఇంధనం ఎంత తట్టుకోగలదో చెప్పే అంకె) దాని ఆక్టేన్ అవసరం. బంకుల్లో కనిపించే 91, 95 వంటి అంకెలు ఇంధనానికి చెందినవి, ఇది వాహనానిది. ఈ రెండింటినీ ఒకటిగా పొరబడేవారే ఎక్కువ.

కార్లు, తేలికపాటి ట్రక్కుల్లో ఆక్టేన్ అవసరాన్ని కొలిచే పద్ధతిని అమెరికాలోని కోఆర్డినేటింగ్ రీసెర్చ్ కౌన్సిల్ రూపొందించింది. ఆక్టేన్ సంఖ్య ముందే తెలిసిన ఇంధనాలను ఒకటి తర్వాత ఒకటి మారుస్తూ, యాక్సిలరేటర్ తొక్కి వాహనాన్ని పరీక్షిస్తారు. శబ్దం లీలగా మాత్రమే వినిపించే స్థాయికి తగ్గినప్పుడు వాడిన ఇంధనం సంఖ్యే ఫలితం. ఆ తీర్పు చెప్పేది శిక్షణ పొందిన మనిషి చెవి! పరీక్షా ఇంధనాల్లో ఐసో ఆక్టేన్‌కు 100, నార్మల్ హెప్టేన్‌కు 0 విలువ ఇచ్చారు. మొదటిది 90 పాళ్లు, రెండోది 10 పాళ్లు కలిపితే 90 వస్తుంది.

ఫలితం స్థిరంగా ఉండదు. సిలిండర్‌లో మసి పేరుకున్నకొద్దీ అవసరం పెరుగుతుంది. ఎండ వేడికీ అంతే. ఎత్తైన ప్రాంతాల్లో తగ్గుతుంది. ఒకే మోడల్ కార్ల మధ్యా తేడా ఉంటుంది. నాక్ సెన్సర్ ఉన్న ఇంజిన్లు స్పార్క్‌ను ఆలస్యం చేసి శబ్దాన్ని అణిచేస్తాయి కాబట్టి, వాటిలో తగ్గిన శక్తినీ గమనించాలి.

91 సరిపోయే సాధారణ కారులో అంతకంటే ఖరీదైన పెట్రోలు పోయించినా ఒరిగేది స్వల్పమే. కారుతో ఇచ్చిన పుస్తకంలోని సంఖ్యను చూసుకోవాలి.