శంషాబాద్ దారిలో హాట్ డాగ్ ఎందుకు అరుదు

తెలంగాణలో పదిహేనేళ్లు నిండినవారిలో నూటికి 98.7 మంది మాంసాహారులని భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం 2014లో జరిపిన నమూనా సర్వే తేల్చింది. ఆ సర్వేలో ఇంతటి నిష్పత్తి దేశంలో మరే రాష్ట్రంలోనూ కనిపించలేదు. అటువంటి రాష్ట్రంలో, 2008 మార్చిలో అంతర్జాతీయ విమానాశ్రయం మొదలైన నాటి నుంచి దేశదేశాల రుచులు దిగుతున్న శంషాబాద్ పరిసరాల్లో, బర్గర్, పిజ్జా, వేయించిన చికెన్, షవర్మా, మండి దొరికినంత తేలికగా హాట్ డాగ్ దొరకదు. పొడవాటి బన్నును నిలువునా చీల్చి, అందులో వేడి సాసేజ్ పెట్టి, ఆవాల సాస్ చేర్చి ఇచ్చే ఈ అమెరికన్ చిరుతిండి ఇక్కడ నిలదొక్కుకోకపోవడానికి మాంసం మీది విముఖత కారణం కాదని ఆ ఒక్క అంకెతోనే తెలుస్తుంది కనుక, అసలు కారణాలను మరోచోట వెదకవలసి ఉంటుంది.

మొదట గమనించవలసింది ఏమిటంటే, పుట్టి పెరిగిన అమెరికాలోనూ హాట్ డాగ్ పెద్ద ఫాస్ట్ ఫుడ్ సంస్థల మెనూలలో తక్కువగానే ఉంటుంది. దాని స్థానం బేస్‌బాల్ మైదానాలలో, వీధి బండ్ల మీద, ఇళ్ల పెరళ్లలో. మెక్‌డొనాల్డ్స్‌ను మహాసంస్థగా పెంచిన రే క్రాక్ 1977లో వెలువడిన తన ఆత్మకథలో, సాసేజ్ తొడుగు లోపల ఏమున్నదో చెప్పలేమనీ, తమ నాణ్యతా ప్రమాణం దానికి ఒప్పుకోదనీ రాశాడు. చికాగో మాంసం కర్మాగారాల దుస్థితిని చిత్రించిన అప్టన్ సింక్లెయిర్ నవల ‘ది జంగిల్’ 1906లో దేశాన్ని కలవరపరచి, అదే ఏడాది మాంసం తనిఖీ చట్టం రావడానికి తోడ్పడింది. ఆ నాటి అనుమానం డెబ్భై ఏళ్ల తరువాత కూడా ఒక వ్యాపారి నిర్ణయంలో బతికే ఉన్నదన్నమాట. బర్గర్ కింగ్ 2016లో అమెరికా అంతటా హాట్ డాగ్‌ను ప్రవేశపెట్టి, కొంతకాలానికి ఉపసంహరించుకున్నది.

ఆ అనుమానానికి మూలం సాసేజ్ తయారీలోనే ఉంది. మాంసాన్ని ఉప్పుతో కలిపి పదునైన కత్తులు తిరిగే యంత్రంలో మెత్తగా నలిపినప్పుడు, ఉప్పు ప్రభావంతో కండరంలోని మయోసిన్ అనే ప్రొటీన్ బయటికి వచ్చి, కొవ్వు బిందువులనూ నీటినీ పట్టి ఉంచుతుంది. పాలలో మాదిరిగా కొవ్వూ నీరూ విడిపోకుండా నిలిచే ఇటువంటి మిశ్రమాన్నే ఎమల్షన్ అంటారు. కత్తుల రాపిడికి వేడెక్కితే కొవ్వు విడిపోతుంది కాబట్టి నీటికి బదులు మంచు వేస్తూ, ముద్దను చల్లగా ఉంచుతూ నలపాలి. ఆ తరువాత దానిని గొర్రె పేగులోనో, పశువుల చర్మం నుంచి తీసిన కొల్లాజెన్ తొడుగులోనో, ఉడికాక ఒలిచేసే సెల్యులోజ్ గొట్టంలోనో నింపి ఉడికిస్తారు. గులాబీ రంగు నిలవడానికీ, హానికర సూక్ష్మజీవులను అదుపులో ఉంచడానికీ నైట్రైట్ అనే లవణం కలుపుతారు. ఇంత చేసినా అది శీతల పెట్టె దాటి ఎక్కువసేపు ఉండలేదు. మే నెలలో నలభై డిగ్రీలు దాటే హైదరాబాదు ఎండలో, కరెంటు పోతే ఐసుగడ్డల మీద ఆధారపడే చిన్న బండివాడికి ఆ షరతు మోయలేని భారం.

పెద్ద సంస్థల లెక్క వేరు. అక్కడి వంటగది నూనె బాణళ్ల చుట్టూ, గుండ్రటి బన్ను చుట్టూ అమరి ఉంటుంది. చికెన్ ప్యాటీ, ఆలూ టిక్కీ, వేయించిన చికెన్ ముక్క, అన్నీ ఆ ఏర్పాటులోనే ఇముడుతాయి. హాట్ డాగ్ కోసం పొడవు బన్ను, సాసేజ్‌ను దొర్లిస్తూ వేడిచేసే పరికరం వేరుగా కావాలి. శాకాహార, మాంసాహార వంటలకు విడి సామగ్రి, విడి స్థలం కేటాయించక తప్పని భారతదేశంలో, రోజుకు కొన్నే అమ్ముడయ్యే ఒక వస్తువు కోసం అంత చోటు వదలడానికి ఎవరూ ముందుకు రారు.

దీనికి తోడు మాంసం రకం సమస్య ఉంది. అమెరికన్ హాట్ డాగ్ ప్రధానంగా గొడ్డుమాంసంతోనూ పందిమాంసంతోనూ తయారవుతుంది. 1996లో ఢిల్లీలో తొలి దుకాణం తెరిచిన మెక్‌డొనాల్డ్స్, 2014లో వచ్చిన బర్గర్ కింగ్ ఈ రెండింటినీ పక్కన పెట్టాయి. 2018 ఆగస్టులో హైదరాబాదులో దేశంలోనే మొదటి దుకాణం తెరిచిన ఫర్నిచర్ సంస్థ ఐకియా తన ప్రసిద్ధ స్వీడిష్ మాంసపు ఉండలను ఇక్కడ కోడిమాంసంతో చేయించింది. కోడి సాసేజ్ చేయవచ్చు, చేస్తున్నారు కూడా. అయితే కోడిమాంసంలో కొవ్వు తక్కువ కావడం వల్ల ఆ రసం, ఆ రుచి పూర్తిగా రావు. హలాల్ నియమం పాటించే గిరాకీ ఎక్కువగా ఉన్న నగరంలో, లోపలి మాంసం కోడిదే అయినా పై తొడుగు ఏ జంతువుదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

వీటన్నిటికంటే బలమైన కారణం ఇక్కడి తిండి అలవాటులో ఉంది. తెలంగాణ పల్లెలో, పట్నంలో మాంసం మీది నమ్మకం చూపుతో కుదురుతుంది. చికెన్ సెంటర్‌లో కోడిని తూచి, కళ్లెదుటే కోసి, ముక్కలు కొట్టి ఇవ్వాలి. మటన్ దుకాణంలో వేలాడే తొడను చూపించి అడిగిన చోటే కొట్టించుకోవాలి. నల్లి బొక్క పడిందో లేదో చూసుకోవాలి. పేగులంటే ఏవగింపు లేదని బోటి కూర చెబుతుంది, తలకాయ కూర, పాయా అంతే ఇష్టంగా తింటారు. నలిపిన మాంసమన్నా అభ్యంతరం లేదు: రూపంలో సాసేజ్‌కు దగ్గరి బంధువులా ఉండే సీఖ్ కబాబ్ ఖీమాతోనే చేస్తారు, 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీమ్‌లో మాంసం ఆనవాలు తెలియనంతగా గోధుమలలో కలిసిపోతుంది. కానీ ఆ హలీమ్‌ను భట్టీ ముందు నిలబడి పొడవాటి కర్రలతో గంటల తరబడి దంచడం దారిన పోయేవారందరికీ కనిపిస్తుంది, కబాబ్ నిప్పుల మీద కాలడం కనిపిస్తుంది. హాట్ డాగ్ విషయంలో ఆ పనంతా ఎక్కడో కర్మాగారంలో ముగిసిపోతుంది.

దారిలో అప్పటికప్పుడు వేడిగా చేసి చేతికిచ్చే తిండి స్థానమూ ఖాళీగా లేదు. బండి మీద మంట ఎగసే కడాయిలో ఎగ్ నూడుల్స్, ఫ్రైడ్ రైస్, మంచూరియా చేసిచ్చే ఫాస్ట్ ఫుడ్ సెంటర్లు ఒకవైపు, గల్ఫ్ రాకపోకలతో వచ్చిన షవర్మా మరోవైపు ఆ చోటును ఆక్రమించాయి. నిజాం సైన్యంలో చేరేందుకు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి నివసించే బార్కస్, దాని ఆవలి షాహీన్‌నగర్, పహాడీషరీఫ్ విమానాశ్రయం దారిలోనే ఉన్నాయి. యెమెనీ వంటకమైన మండి భోజనానికి అవే చిరునామా.

అయితే కంటితో చూడటమే భద్రత కాదని గట్టిగా చెప్పవలసి ఉంది. పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించవలసి వచ్చింది. కళ్లెదుటే కోసిచ్చే షవర్మాకు తోడుగా వడ్డించేది ఆ మయోనైజే. సరైన వేడిలో ఉడికి, చల్లదనం తప్పకుండా వచ్చిన సాసేజ్ ఎండలో వేలాడే మాంసంకంటే సురక్షితం కావచ్చు.

నగరానికి తూర్పున చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ, శంషాబాద్‌కు దగ్గరలోని రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థ ఉన్నాయి; అటువంటి పరిశోధన అండతో, గుడ్లు పెట్టడం తగ్గాక తక్కువ ధరకు అమ్ముడుపోయే ముదురు కోళ్ల గట్టి మాంసాన్ని నలిపి సాసేజ్‌గా మార్చితే రైతుకు కొంత అదనపు విలువ దక్కుతుంది. ఇప్పటికైతే సాసేజ్ సూపర్ మార్కెట్ ఫ్రీజర్ పొట్లంగా, పిజ్జా మీది ముక్కలుగా, పెద్ద హోటళ్ల ఉదయపు ఫలహారంలో ఆమ్లెట్ పక్కన ఒక వంటకంగా ప్రజలకు చేరుతున్నది. ఆ మూడు చోట్లా శీతల పెట్టె ఉంది, వేరే బన్ను అవసరం లేదు. హాట్ డాగ్ కంటే సాసేజ్ ముందుగా ఇక్కడ కుదురుకోవడానికి కారణం అదే.