ట్రెడిల్‌కు ఇంకా పనుంది

పాత తెలుగు పుస్తకాల్లో 'ముద్రణ' అన్నచోట హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేర్లు తరచూ కనిపిస్తాయి. అక్కడి చిన్న ప్రెస్సులను పోషించిన యంత్రం ట్రెడిల్. శుభలేఖ, కరపత్రం, బిల్లుబుక్కు, కొత్త కవి తొలి సంపుటి, అన్నీ దాని దవడల మధ్య నుంచి వచ్చినవే.

ఈ తరహా యంత్రానికి న్యూయార్క్ ముద్రాపకుడు జార్జి గోర్డన్ 1851లో పేటెంట్ తీసుకున్నాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కలలోకి వచ్చి దాని నమూనా చెప్పాడని ఆయన అనేవాడట.

సూత్రం పాతదే. ఉబ్బెత్తుగా ఉన్నచోటే రంగు అంటుతుంది, చెక్కి తీసేసినచోట కాగితం తెల్లగా మిగులుతుంది. పెడన కలంకారీ టేకు అచ్చు, చిత్రకారులు చెక్కే లినోలియం పలక, రబ్బరు స్టాంపు, సీసపు అక్షరం, అన్నీ ఈ కుటుంబంవే. అక్షరాలను ఉత్త సీసంతో పోస్తే మెత్తగా ఉండి అరిగిపోతాయి. అందుకే గట్టిదనానికి యాంటిమొని, అచ్చులో చక్కగా పారడానికి తగరం కలుపుతారు. బొమ్మ కావాలంటే జింకు రేకును ఆమ్లంతో తినిపించి బ్లాకు చేసి, చెక్కమీద బిగించి, అక్షరాల ఎత్తుకు సరిగ్గా తేవాలి. వెంట్రుకవాసి తగ్గినా బొమ్మ పడదు.

కాలితో తొక్కితే చక్రం తిరుగుతుంది, దవడలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. మూసుకున్నప్పుడు రోలర్లు పైనున్న గుండ్రటి పళ్లెం మీదికి వెళ్లి సిరా తెచ్చుకుంటాయి, తెరుచుకున్నప్పుడు అక్షరాల మీద దొర్లి దాన్ని పూస్తాయి. ప్రతిసారీ పళ్లెం కాస్త తిరుగుతుంది కాబట్టి సిరా ఒకేచోట పేరుకోదు. దవడలు తెరిచి ఉన్నంతలోనే కుడిచేత్తో తెల్లకాగితం పెట్టాలి, ఎడమచేత్తో అచ్చయినది తీయాలి. లయ తప్పితే వేళ్లు నలుగుతాయి.

అసలు కష్టం అక్షరాలు పేర్చే కంపోజిటర్‌ది. గుణింతాలు, వత్తులతో తెలుగుకు వందల రకాల దిమ్మలు కావాలి. కేసు అనే గడుల పెట్టెలో ఏ గడిలో ఏముందో చూడకుండానే చేయి వెళ్లాలి, అక్షరాన్ని తిరగేసి చదవాలి. ఈ విద్యకు మనం ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వలేదని నా నమ్మకం.

నూనె, నీరు కలవవన్న గుణంతో చదునైన పలక మీద అచ్చువేసే ఆఫ్‌సెట్, దానికి తోడు కంప్యూటర్ అక్షరాలు వచ్చాక, 1990లకల్లా సీసం పాతసామాను కొట్లకు చేరింది. యంత్రం మాత్రం పూర్తిగా పోలేదు. రసీదులకు నంబర్లు కొట్టడానికి, చింపే గీతకు చిల్లులు వేయడానికి, కార్డులను మడతగీత దగ్గర నొక్కడానికి ట్రెడిల్ నేటికీ పనికొస్తుంది. ఇవన్నీ నొక్కుడుతోనే అయ్యే పనులు.

చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి రోజూ ఎందరో విద్యార్థులు వస్తారు. అక్కడ ఒక ట్రెడిల్‌ను, ఒక తెలుగు కేసును నడిచే స్థితిలో నిలబెట్టాలి. మూతపడుతున్న ప్రెస్సు మీకు తెలిసినదైతే, దిమ్మలను తూకానికి అమ్మేలోపు యజమానితో ఒక్కమాట మాట్లాడండి.