చాంబరులో చేరిన నీరు

ప్రతి సంవత్సరమును ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు, చేపలు సంతతిని పెంచుకొను కాలమని, తూర్పు తీరమున మరబోట్ల వేటను ప్రభుత్వము నిషేధించుచున్నది. ఆ 61 దినములును విశాఖపట్టణపు ఫిషింగ్ హార్బరులో వలలు అల్లువారికిని, వడ్రంగులకును, రంగులు వేయువారికిని ఎంత పనియో, ఇంజను మెకానిక్కులకు అంతకు మించిన పని. ఇచ్చటి బోట్లలో పెక్కింటిని నడుపునవి లారీలలోని అశోక్ లేలాండు ఇంజన్ల వంశమునకు చెందినవే. ఉప్పునీటిని ఇంజను కడుపులోనికి నేరుగా పోనీయక, లోపల మంచినీటిని త్రిప్పుచు, దాని వేడిని గొట్టముల గోడలగుండ సముద్రజలమునకు అప్పగించు ఏర్పాటు అట్టి ఇంజన్లలో సాధారణముగా కలదు.

ఒడ్డున కట్టివేసిన బోటులో నాలుగు దినములైన పిమ్మట ఆయిలు గేజీని పైకి లాగి చూచినప్పుడు, నల్లగా నుండవలసిన ఆయిలు పాలకాఫీ రంగున చిక్కబడి కానవచ్చెనా, యజమాని గుండె జారును. చుట్టునున్నవారిలో ఎవరో ఒకరు “హెడ్డు గాస్కెట్టు పోయింది, హెడ్డు దించాల్సిందే” అని తీర్పు చెప్పివేయుదురు. ఆ తీర్పు ఒక్కొక్కప్పుడు నిజమే యగును. అయినను పాత ఇంజను విషయమున ఇంత తొందర తగదని నా అభిప్రాయము. ఏలయన గాస్కెట్టు అనుమానితులలో ఒకటి మాత్రమే, హెడ్డు దించుటవలన కలుగు వ్యయమో చిన్నది కాదు.

అసలు ఆ నీరు కూలెంటు దారినుండి వచ్చినదేనా అన్నది మొదటి ప్రశ్న. విశాఖ గాలి యేడాదిలో అధికభాగము చెమ్మతో నిండియుండును. రేవు యార్డులో పది నిమిషములు నడిచి రెండు గంటలు నిలుచు బండ్లలో ఇంజను పూర్తిగా వేడెక్కదు గనుక, లోపలి ఆవిరి ఆయిలు పోయు మూత అడుగున చల్లబడి తెల్లని మీగడగా పేరుకొనును. గేజీపై శుభ్రముగా నుండి మూతక్రింద మాత్రమే మీగడ కనబడినచో ఒకసారి దూరము నడిపి చూచుట మేలు. నిలువు సైలెన్సరు గల ఇంజన్లకు వేఱొక గండము కలదు: వానకాలమున గొట్టము నోటిపై డబ్బా బోర్లించుట మఱచినచో వాననీరు నేరుగా సిలిండరులోనికి దిగి, రింగులు దాటి, ఇంజను అడుగున ఆయిలు నిలుచు చాంబరునకు చేరును. రేడియేటరులో నీటిమట్టము చెక్కుచెదరక యుండగా ఆయిలులో నీరున్నదన్న, దోషమును బయటనే వెదకవలెను.

మట్టము తగ్గుచున్నదా, అప్పుడు విచారణ లోపలికి మరలును. పాత ఇంజను కొంత ఆయిలు త్రాగుట సహజము. అట్టి ఇంజను ఉన్నట్టుండి ఆయిలు అడుగుట మానివేసినచో “బండి దారికొచ్చింది” అని మురియు యజమానులు గాజువాక ఆటోనగరులో ఎందఱో కలరు. తగ్గిన ఆయిలుకు బదులు నీరు చేరి గేజీపై గీతను నిలబెట్టుచున్నదేమో యని అప్పుడే జంకవలెను. ఇంజనును రాత్రియంతయు కదల్పక నిలిపి, ఉదయమున చాంబరు నట్టును మెల్లగా వదులు చేసినచో, ఆయిలుకన్న బరువైన నీరు అడుగున దిగియుండి ముందుగా కారును. ఆయిలుతో పూర్తిగా చిలుకబడిన నీరు ఇట్లు వేఱుపడదు. దానికి కాలిన పెనము చాలును. నూటయేబది డిగ్రీలకు పైబడి వేడెక్కిన రేకుపై అట్టి ఆయిలు ఒక్క చుక్క వేసినంతనే చిటచిటలాడును.

ఇక నీరు ఎక్కడినుండి వచ్చినది? దీనికి ఒత్తిడుల లెక్క తెలియవలెను. నడచుచున్న ఇంజనులో ఆయిలు ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు సుమారు మూడు నాలుగు కిలోలుండగా, రేడియేటరు మూత నిలుపు నీటి ఒత్తిడి ఇంచుమించు ఒక కిలోకు మించదు. కావున ఆయిలును నీటితో చల్లార్చు కూలరులోని గొట్టము చిల్లిపడినచో, నడచునంతసేపు ఆయిలే నీటిలోనికి చొచ్చును. ఇంజను ఆపినంతనే ఆయిలు ఒత్తిడి సున్నకు పడిపోవును, వేడినీటి ఒత్తిడి మాత్రము చల్లారువఱకు నిలుచును, అప్పుడు నీరు ఆయిలులోనికి మరలును. పగలు రేడియేటరులో జిడ్డు తేలి, తెల్లవారుసరికి చాంబరులో నీరు కనబడినచో, హెడ్డు జోలికి పోకమునుపు కూలరును విప్పి, ఒక రంధ్రము మూసి, రెండవదానిగుండ గాలి ఎక్కించి, నీటితొట్టిలో ముంచి చూడవలెను. తడి లైనర్లు, అనగా నీరు నేరుగా తగులు సిలిండరు తొడుగులు, గల ఇంజనులో లైనరు అడుగుభాగపు రబ్బరు రింగులు మాడి పెళుసెక్కినచో, అక్కడ ఎదురొత్తు ఆయిలు ఒత్తిడి లేదు గనుక, నడచినను నిలిచినను నీరు చాంబరులోనికే దిగును, రేడియేటరు నిర్మలముగానే యుండును. గాస్కెట్టు సిలిండరునకును నీటిదారికిని నడుమ తెగినచో, మంట వాయువులు నీటిలోనికి దూరి, మూత తీసి ఇంజను వేసినంతనే బుడగలు పొంగును. బుడగలు లేనంతమాత్రమున గాస్కెట్టు నిర్దోషి యని చెప్పరాదు, అది వేఱొకచోట తెగియుండవచ్చును.

ఈ విచారణను నిత్యవిధిగా నడిపిన చోటు ఇదే నగరమున నున్నది. బైలాడిల్లా ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకై 1960ల దశకమున తూర్పు కనుమలను తొలిచి నిర్మించిన కొత్తవలస–కిరండోలు రైలుమార్గము సముద్రమట్టమునకు సుమారు వెయ్యి మీటర్ల యెత్తువఱకు ప్రాకును. 1980ల తొలినాళ్లలో విద్యుదీకరణము ముగియువఱకు ఆ ఘాటులో ఖనిజపు బండ్లను లాగినవి డీజిల్ ఇంజన్లే. వానిని కాపాడినది వాల్తేరు డీజిల్ లోకో షెడ్డు. అమెరికాలోని ఆల్కో సంస్థ రూపొందింపగా 1964 నుండి వారణాసిలో తయారైన డబ్ల్యూడీఎం-2 ఇంజనులో 16 సిలిండర్లు, 2600 అశ్వశక్తి, సుమారు 1200 లీటర్ల నీరు, అంతకు కొంచెము హెచ్చుగా ఆయిలు. అంతటి ఆయిలులో లీటరు నీరు కలిసినను కంటికి తెలియదు; పైగా వేడికి అది ఆవిరియై పోవును.

ఆవిరి పోయినను లవణము పోదు. ఇందే ఉన్నది షెడ్డు ప్రయోగశాలల చాతుర్యము. తుప్పు పట్టకుండుటకై ఇంజను నీటిలో పూర్వము క్రోమేటు లవణములను, అనంతరకాలమున బోరేటు మిశ్రమములను కలుపుచు వచ్చిరి. నిర్ణీత వ్యవధులలో తీసిన ఆయిలు నమూనాను స్పెక్ట్రోమీటరులో మండించి చూచినప్పుడు, అందు సోడియము, బోరాను పాళ్లు గతమునకన్న పెరిగినచో, ఒక్క నీటిబొట్టు కానరాకున్నను నీరు వచ్చి పోయినదని తేలును. సీసము, రాగి కూడ పెరుగుచున్నచో నీరు బేరింగులను తినుట కారంభించినదన్నమాట. కొన్ని ఆయిళ్లలో తయారీయందే బోరాను కలుపుదురు గనుక, ఒక్క నమూనాలోని అంకెకు విలువ తక్కువ, నమూనాల వరుసకే విలువ. అనుమానము గట్టిపడినంతనే ఇంజనును నిలిపి, నీటిదారికి ఒత్తిడి పెట్టి, క్రాంకుకేసు తలుపులు తెఱచి, ప్రతి లైనరు అడుగును దీపముతో పరిశీలింతురు.

లారీకిని బోటుకును స్పెక్ట్రోమీటరు లేకున్నను ఈ తుదిపరీక్ష లభ్యమే. ఉక్కు కర్మాగారమునుండి ఇనుప కడ్డీలు మోసి అలసిన లారీని ఆటోనగరులో నిలిపి, చాంబరు దించి, క్రాంకు క్రింద పాత దినపత్రికను పఱచి, రేడియేటరు నోట చేతిపంపు బిగించి ఒక కిలో ఒత్తిడి పెట్టి వదలినచో, కొన్ని గంటలలో కాగితముపై పడిన తడిమచ్చయే చిరునామా చెప్పును. మచ్చ ఒక సిలిండరుకు సరిగా క్రిందనుండి, లైనరు వెలుపలి అంచున తేమ కానవచ్చినచో రింగులు. పుష్‌రాడ్ల దారివెంట పైనుండి దిగినచో గాస్కెట్టో, చిట్లిన హెడ్డో. చల్లని లోహమున మూసుకొని వేడికి మాత్రమే నోరు తెఱచు చీలికలుండును గనుక, చల్లగానున్నప్పుడు ఒత్తిడి నిలిచినచో వేడినీరు నింపి మరల పరీక్షింపవలెను. ఈ రెండవ పరీక్షకు ఓపిక లేకయే బాగైన బ్లాకులు తూకమునకు పోవుటయు, చిట్లిన హెడ్డులు మరల బిగింపబడుటయు జరుగుచున్నది.

బోటు విషయమున ఒక్క ప్రశ్న మిగులును: చేరినది మంచినీరా, ఉప్పునీరా? చాంబరు అడుగున దిగిన నీటిని వడగట్టి, కొంచెము సిల్వర్ నైట్రేటు ద్రావణము చుక్కలుగా వేసినచో, ఉప్పునీరైన పెరుగు విఱిగినట్లు తెల్లని మడ్డి దట్టముగా ఏర్పడును. ఉప్పు రుజువైనచో గాస్కెట్టును ప్రక్కనబెట్టి, సముద్రజలము తగులు కూలరును ముందుగా చూడవలెను. అట్టి ఇంజనును జూన్ వఱకు అట్లే వదలుట ఎంతమాత్రము కూడదు. బేరింగుల తెల్లలోహమును, క్రాంకు నునుపును ఉప్పునీరు నడకలోకన్న నిలకడలోనే ఎక్కువ చెఱచును. ఆయిలును ఆనాడే దింపి, చౌకరకపు కొత్త ఆయిలు పోసి, ఇంజనును చేతితో త్రిప్పి, మరల దింపవలెను. దోషము సరిచేసిన పిదప ఫిల్టరుతోకూడ మంచి ఆయిలు వేసి, వేట మొదలైన కొలది దినములకే దానిని సయితము మార్చివేయవలెను. ఎంత కడిగినను ఆయిలు దారుల మూలలందు తొల్లిటి మడ్డి కొంత నిలిచియే యుండును.