కారును కిందికి దించితే చాలదు, స్ప్రింగు సంగతి చూడాలి!

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కుర్రవాడు పండక్కి స్పోర్ట్సు కారులో ఊరికి వచ్చాడనుకోండి. కారు అడుగు నేలకు బెత్తెడు ఎత్తున ఉంటుంది. పిల్లలు మూగుతారు. "ఇంత కిందికి ఎందుకు దించినావురా?" అని తండ్రి అడుగుతాడు. "రేసుల కోసం నాయనా" అని కొడుకు చెబుతాడు. ఆ మాటలో సగమే నిజం ఉంది. మిగతా సగం చక్రం వెనుక, ఎవరికీ కనిపించని చుట్ట స్ప్రింగులో ఉంటుంది.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో కారు ఇప్పుడు వింత వస్తువు కాదు. సెలవు రోజుల్లో సరదాగా రేసులకు వెళ్లే యువకులూ బయలుదేరారు. వారి తల్లిదండ్రులకు ఈ సంగతి కొంత తెలిసి ఉండటం మంచిది. ఎందుకంటే ఆదివారం రేసుకు వెళ్లిన కారులోనే సోమవారం అమ్మను ఆస్పత్రికి తీసుకుపోతారు.

కారును దించడం ఎందుకు? వేరుశనగ కట్టె ఎత్తుగా వేసుకున్న ట్రాక్టరు మలుపులో ఎలా ఒరుగుతుందో మన రైతుకు చెప్పనక్కరలేదు. బరువు ఎంత ఎత్తున ఉంటే అంతగా బయటి వైపు చక్రాల మీద పడుతుంది. కారుదీ అదే లెక్క. కారు బరువుకు కేంద్రం నేల నుంచి 550 మిల్లీమీటర్ల ఎత్తున ఉందనుకుంటే, 30 మిల్లీమీటర్లు దించినప్పుడు మలుపులో అటు మళ్లే బరువు నూటికి ఐదారు వంతులు తగ్గుతుంది. లాభం ఉంది. అయితే కుర్రవాళ్లు అనుకున్నంత లేదు.

నష్టం సంగతి చూద్దాం. ఒక ముందు స్ప్రింగు మీద 290 కిలోల బరువు ఉందని, ఆ స్ప్రింగు 2 కిలోలకు ఒక మిల్లీమీటరు చొప్పున అణుగుతుందని అనుకుందాం. గుంతలో పడినప్పుడు చక్రం పైకి లేవడానికి ఇంకా 80 మిల్లీమీటర్ల చోటు ఉంటే, అది మరో 160 కిలోలు మోయగలదు. కారును 30 మిల్లీమీటర్లు దించితే ఆ చోటు 50కి పడిపోతుంది. ఆ 160 కిలోలనే ఈ 50లో మోయాలంటే స్ప్రింగు బలం మిల్లీమీటరుకు 3.2 కిలోలు ఉండాలి. అంటే పాతదానికి ఒకటిన్నర రెట్లు దాటింది. అంత గట్టి స్ప్రింగు వేయకుండా కారును దించడమొక్కటే చేస్తే, ప్రతి గుంతలోనూ చక్రం పైనున్న రబ్బరు దిమ్మెను గుద్దుకుంటుంది. మలుపులో అలా గుద్దుకుంటే ఆ చక్రం ఒక్కసారిగా పట్టు వదలవచ్చు.

కనుక ముందు అడగవలసింది "ఎంత దిగుతుంది?" అని కాదు, "మిల్లీమీటరుకు ఎన్ని కిలోలు?" అని. ఆ అంకె చెప్పలేని అంగడిలో స్ప్రింగు కొనకపోవడం మేలు.

స్ప్రింగు గట్టిపడితే షాక్ అబ్జార్బరు కూడా మారాలి. అణిగిన స్ప్రింగు తిరిగి ఎగరకుండా పట్టి ఉంచేది అదే. పాత షాకు మీద గట్టి స్ప్రింగు వేస్తే, పగ్గం లేని కోడె బండి కట్టినట్టే. బయట దొరికే చాలా సెట్లలో స్ప్రింగులు మాత్రమే ఉంటాయి. షాకుల ఖర్చు తర్వాత తెలుస్తుంది.

ఇక మన ఊళ్లలో తరచు వినిపించే తేలిక ఉపాయం ఒకటుంది. గ్యాసుతో స్ప్రింగు నుంచి ఒక చుట్టు కోసేయడం! చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుందన్న మాట నిజమే. కానీ ఆ వేడికి ఉక్కు పదును పోతుంది. కోసిన కొన తన గిన్నెలో సరిగా కూర్చోదు. కాలువ గట్టు ఎక్కి దిగేటప్పుడు చక్రం ఒక్క క్షణం వేలాడితే పొట్టి స్ప్రింగు గిన్నెలోంచి జారిపోతుంది. లారీ కమాను కట్టలో ఒక పట్టీ విరిగితే ఇంకొకటి వేసి నడిపించుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు.

రేసుల ముచ్చట మన పొరుగున కొత్తదేమీ కాదు. మద్రాసు పక్కన షోళవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల దారి మీద 1950ల నుంచి పందేలు జరిగాయి. సొంత డబ్బుతో ఫియట్, హెరాల్డ్ కార్లను మార్చుకుని వచ్చిన సరదా రేసర్లే అక్కడ ఎక్కువ. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు వచ్చింది. కోయంబత్తూరులో 2003లో మరొకటి తెరిచారు. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న కరెంటు కార్ల ప్రపంచ రేసు కూడా జరిగింది. ఆ ట్రాకుల నున్నదనం వేరు, మన దారుల సంగతి వేరు.

ప్రమాణం ప్రకారం స్పీడు బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. ఊళ్లలో చాలాచోట్ల ఇరుకుగా, నిటారుగా వేసినవే కనిపిస్తాయి. 170 మిల్లీమీటర్ల ఎత్తున్న కారును 40 దించితే మిగిలేది 130. వెనుక ముగ్గురు కూర్చుని, డిక్కీలో శనక్కాయల మూట పెడితే వెనుక భాగం ఇంకా దిగుతుంది. అప్పుడు బ్రేకరు కారు కడుపును గీరుతుంది. నూనె తొట్టి పగిలితే ఇంజనుకే చేటు.

చట్టం సంగతి మరువరాదు. కంపెనీ చెప్పిన కొలతలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ఇదే మాట పట్టుకోవచ్చు. 44వ నంబరు జాతీయ రహదారి మీద పందెం వేస్తే అది 189వ సెక్షను కింద నేరం. రేసు ట్రాకు మీదనే జరగాలి, అదీ లైసెన్సు తీసుకుని.

అయినా కొడుకు వినకపోతే? ట్రాకు కోసమే ఒక పాత కారు ఉంచుకుంటే అన్నిటికన్నా మేలు. అంత స్తోమత లేకపోతే కంపెనీ స్ప్రింగులనే ఉంచి, మంచి టైర్లు, మంచి బ్రేకు పట్టీలు వేసుకోమనండి. మొదటి ఏడాది నేర్చుకునే రేసరుకు 30 మిల్లీమీటర్ల కన్నా అవే ఎక్కువ మేలు చేస్తాయని మా అభిప్రాయం. స్ప్రింగులు మార్చి తీరాలంటే నాలుగూ ఒకే సెట్టువి, ఆ కారు బరువుకు చేసినవి కొనాలి. బిగించాక చక్రాల వరుస సరిచూపించాలి. ఎత్తు మారితే చక్రాల వాలూ మారి టైర్లు ఒకపక్కే అరుగుతాయి. విప్పిన పాత స్ప్రింగులను పాత ఇనుము అంగడికి వేయకుండా గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టండి. కారు అమ్మేనాడు కొనేవాడు మొదట అడిగేది వాటినే.